అభేదపురంలో చక్కిలిగిలి

ఆకలి రుచెరుగదంటారు. నిజమే కావచ్చు గానీ, రుచి చూడ్డానికి ముందు ఏదో ఒకటి నోట్లో పడాలి కదా! అభేదపురం కోటగుమ్మం దాటేసరికి మాచడి కడుపులో ఎలుకలు పరుగులు తీస్తున్నాయి. తెల్లవారింది మొదలు అతను నమిలింది, గుర్రం నమలగా మిగిలిన చెరకు ముక్క ఒక్కటే.

మాచడు మణిమంత దేశపు యువరాజు జయకేతుకు పాలిచ్చిన దాది కొడుకు. ఒకే తల్లి పాలు తాగి పెరిగిన ఆ ఇద్దరూ ఇంత దూరం వచ్చింది షికారుకు కాదు. జయకేతు పెళ్ళాడవలసిన రాకుమారి హేమలేఖను, సరిగ్గా పెళ్ళిపీటల మీదినుంచి ధూమకంఠుడనే మాంత్రికుడు పొగ రూపంలో వచ్చి ఎత్తుకుపోయాడు. ఆమె జాడ వెతుక్కుంటూ కొండలూ కోనలూ దాటి ఇద్దరూ ఈ ఊరి పొలిమేర చేరారు. నిన్న అక్కడే మాచడి గుర్రానికి లాడం ఊడింది. "నువ్వు లాడం కొట్టించుకుని రా, ఈలోగా నేను ఊళ్ళో ఆరా తీస్తాను" అని వెళ్ళిన జయకేతు ఇంతవరకూ తిరిగి రాలేదు.

ఊరు చూస్తే మాత్రం చూపు తిప్పుకోవడం కష్టం. పాలరాతి ప్రాకారాలు, పసిడి పూత పూసిన శిఖరాలు, వీధివీధినా పన్నీటి కాలువలు, కాలువ గట్ల మీద పొగడచెట్లు, వాటి కింద పురివిప్పిన నెమళ్ళు. ఏ ఇంటి తలుపుకూ గడియ లేదు. దారిన పోయే ఒక పెద్దమనిషికి రాయి తగిలి బొటనవేలు చిట్లింది. ఆయన వంగి ఆ రాతికి దణ్ణం పెట్టి, ఆపైన తన వేలికీ దణ్ణం పెట్టి, ఇద్దరు దేవుళ్ళలో ముందు ఎవరిని ఓదార్చాలో తేలక అక్కడే నిలబడిపోయాడు. అయితే ఆయన బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళవీ అంతే. ఆఖరికి నెమళ్ళు కూడా తోక బరువు మోయలేక తూలుతున్నాయి.

మాచడు పూటకూళ్ళ ఇల్లు వెతుక్కుని లోపలికి దూరాడు. నాంచారి అవ్వ అనే ముసలమ్మ అతన్ని ఆదరంగా కూర్చోబెట్టి, ఆకు వేసి, నీళ్ళు చల్లి, తనూ పక్కన చతికిలబడింది.

"వడ్డించవేం అవ్వా?"

"ఇదుగో, ఇప్పుడే వడ్డిస్తారు నాయనా."

"ఎవరు?"

"వంటవాళ్ళు. స్వామివారికి."

మాచడు ఖాళీ ఆకు వంకా, అవ్వ వంకా మార్చిమార్చి చూశాడు. అంతలో కోటలో గంట మోగింది. మోగిందో లేదో, అవ్వ గొంతు సవరించుకుని "బ్రేవ్" మని త్రేన్చింది. పక్కింట్లో ఎవరో త్రేన్చారు. ఎదురింట్లో త్రేన్చారు. వీధులన్నీ కలిసి త్రేన్చిన ఆ మోతకు పొగడచెట్ల మీది కాకులు లేచిపోయాయి.

"ఏమిటే అవ్వా ఈ చోద్యం!"

"స్వామివారి భోజనం అయింది నాయనా. మన కడుపులు నిండాయి," అంటూ అవ్వ విషయం చెప్పుకొచ్చింది. "మా దేశంలో అంతా దేవుడే. చెట్టూ దేవుడే, పుట్టా దేవుడే, నువ్వూ నేనూ దేవుడే. ఇది మా ముత్తాతల నాటి మాట. ఆ మాట పట్టుకుని ఇన్నాళ్ళూ చల్లగా బతికాం. మొన్నామధ్య ఈ అభేదస్వామి వచ్చి దానికి అసలు అర్థం విప్పి చెప్పాడు. అందరూ ఒకటే అయినప్పుడు అందరూ తినడం ఎందుకు, ఒక్కరు తింటే సరిపోదా అన్నాడు."

"ఆ ఒక్కరూ ఎవరో?"

"ఆయనే. పాపం, మా అందరికోసం పూటపూటకీ ఎంత శ్రమ పడుతున్నాడో!"

"మరి నీ కడుపు నిండిందా?"

అవ్వ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నిండిందనే అనుకుంటున్నా. ఎందుకో కాళ్ళు మాత్రం వణుకుతున్నాయి."

మాచడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ అవ్వ తర్వాత చెప్పిన మాట వినేసరికి నవ్వూ ఏడుపూ రెండూ పారిపోయాయి. నిన్న ఒక అందగాడు ఊళ్ళోకి వచ్చాడట. ఆకలేస్తోందని అడిగితే స్వామి తన కమండలంలోని తీర్థం పోశాడట. అది తాగినవాడికి తనకూ పరాయికీ తేడా తెలియదు. ఇవాళ మిట్టమధ్యాహ్నం అతను తనంత తానుగా మొసళ్ళ మడుగులోకి నడుస్తాడు. మొసలీ దేవుడే, అతనూ దేవుడే, దేవుణ్ణి దేవుడు తింటే ఇక బాధ ఎవరికి? దానినే ఈ ఊళ్ళో ఉత్సవమంటున్నారు.

"ఆపడానికి దారి లేదా?" మాచడు ఆకు ముందునుంచి లేచి నిలబడ్డాడు.

"స్వామితో వాదానికి దిగినవాణ్ణి మడుగు దాకా రానిస్తారు. ఓడితే వాడూ దిగాలి."

"ఇంతవరకూ గెలిచినవాళ్ళెవరు?"

"గెలిచినవాడు పుట్టలేదు. ఓడినవాళ్ళు లేరు."

మాచడికి శాస్త్రమంటే గుర్రాలను మాలిష్ చేసే శాస్త్రం ఒక్కటే వచ్చు. అయినా సందేహించలేదు. తన గుర్రం తోకలో ఒక గుప్పెడు వెంట్రుకలు కోసి గడ్డం కట్టుకున్నాడు. గుర్రానికి అది నచ్చక ఒక తన్ను తన్నింది. అవ్వ ఇంట్లో ఎన్నాళ్ళుగానో వెలగని పొయ్యిలోంచి బూడిద తీసి ఒళ్ళంతా పూసుకున్నాడు. అవ్వ పాత కావి చీర చుట్టుకుని, రోకలిని దండంలా భుజాన వేసుకుని, "భేదానందస్వామి వేంచేస్తున్నాడు, తప్పుకోండి!" అని కేకలు పెడుతూ కోటకేసి నడిచాడు. కాపలాభటులు అతనికి దణ్ణం పెట్టారు, రోకలికి పెట్టారు, వెంట వచ్చిన ఈగకూ పెట్టారు. అవన్నీ అయ్యేలోగా మాచడు లోపలికి వెళ్ళిపోయాడు.

మడుగు గట్టున పగడాల స్తంభాల మండపం. స్తంభాల మధ్య ముత్యాల తెరలు, తెరల వెనుక జనం. కింద మెట్లు దిగుతూ దిగుతూ నల్లని నీటిలో కలిసిపోయాయి. ఆ నీటిలో చెట్ల బోదెలనుకున్నవి కాస్సేపటికి కళ్ళు తెరిచాయి. సింహాసనం మీద సమదర్శి మహారాజు ఎండిన పుల్లలా కూర్చుని ఉన్నాడు. పాపం, ఆయనా అందరిలాగే త్రేన్చి ఊరుకుంటున్నాడు. పక్కన పట్టుపరుపు మీద అభేదస్వామి. నున్నగా, తెల్లగా, పొట్ట ఒళ్ళోకి జారి ఉన్నాడు. నోటినిండా తాంబూలం. మాట్లాడినా పెదవి కొస మాత్రమే కదిలిస్తాడు తప్ప నోరు తెరవడు.

మెట్ల మీద మెడలో చామంతుల దండతో జయకేతు కూర్చుని చిరునవ్వు నవ్వుతున్నాడు.

"అన్నా!" అన్నాడు మాచడు మెల్లగా.

"అన్న ఎవరు, తమ్ముడెవరు?" అన్నాడు జయకేతు ఎంతో ఆప్యాయంగా. "నన్ను నేనే పిలుచుకుంటున్నాను." అని, అంతే ఆప్యాయంగా పక్కనున్న స్తంభం వంక తిరిగి నవ్వాడు.

ఆ నవ్వు చూసి మాచడి గుండె కలుక్కుమంది. జయకేతు తిట్టినా పడేవాడే, కొట్టినా పడేవాడే. కానీ తనకొక నవ్వు, స్తంభానికి అదే నవ్వు! అది మాత్రం భరించలేకపోయాడు. విసురుగా స్వామి వైపు తిరిగాడు.

"స్వామీ! ఒళ్ళంతా నాదే, ఒప్పుకుంటాను. అంతమాత్రాన అన్నం ముద్ద తీసుకెళ్ళి చెవిలో పెట్టుకుంటానా? అంతా ఒకటే అయినా దేని పని దానిది, దేని ఆకలి దానిది. అవునా, కాదా?"

సభలో కలకలం రేగింది. స్వామి కంగారు పడలేదు.

"బాగా చెప్పావు నాయనా. ముద్ద నోట్లో పెడితే చెవికి కూడా బలం వస్తుంది కదా? వేలికీ వస్తుంది కదా? ఈ రాజ్యానికి నేను నోరు. నువ్వు చెప్పింది నా సిద్ధాంతమే."

జనం భళీ అన్నారు. మాచడు తను తవ్విన గోతిలో తనే పడ్డాడు.

"అయితే... అయితే మొసళ్ళ నోట్లోకి ఆ కుర్రవాడెందుకు? మీరే దిగండి. మీరు దిగితే అందరూ దిగినట్టే!"

"నోరే మడుగులో దిగితే తక్కిన ఒళ్ళంతా పస్తుండదా?" అన్నాడు స్వామి చల్లగా.

ఈసారి మహారాజు కూడా తల ఊపాడు. భేరి మోగింది. వాదం ముగిసింది. భటులు మాచడి మెడలో కూడా ఒక చామంతుల దండ వేసి, భక్తిగా కళ్ళకద్దుకుని, రెక్కలు పట్టుకున్నారు. అటు జయకేతు లేచి మెట్లు దిగుతున్నాడు. నీళ్ళలోంచి ఒక మొసలి కింది మెట్టు దాకా వచ్చి నోరు బార్లా తెరిచింది.

మాచడు రోకలి విసిరేసి భటులను విదిలించుకున్నాడు. దొర్లుకుంటూ మెట్లు దిగి జయకేతు చెంప ఛెళ్ళుమనిపించాడు.

"నన్ను నేనే కొట్టుకున్నాను," అన్నాడు జయకేతు, కాలు ముందుకు చాపుతూ.

ఇక మాటలకు తావు లేదు. మాచడు వెనకనుంచి అతని నడుము చుట్టేసి గట్టిగా వెనక్కి లాగాడు. ఆ పెనుగులాటలో మాచడి వేళ్ళు యువరాజు పక్కటెముకల్లో గుచ్చుకున్నాయి.

"కెవ్వు!" మన్నాడు జయకేతు. ఒళ్ళు మెలికలు తిరిగింది. "ఒరే! ఒరేయ్ మాచా! వద్దురా! నీ కాళ్ళు పట్టుకుంటాను, తీయరా చెయ్యి! చంపేస్తాను వెధవా!"

ఆ తిట్టు మాచడి చెవులకు అమృతం పోసినట్టుంది. ఇద్దరూ వెల్లకిలా మెట్ల మీద పడ్డారు. జయకేతు మెడలోని దండ జారి నీళ్ళలో పడింది. జయకేతు కళ్ళు నులుముకుని, "ఈ గడ్డమేమిట్రా?" అన్నాడు. మాచడు అతన్ని వాటేసుకుని బావురుమన్నాడు. బతికిపోయాం రా దేవుడా అనుకున్నాడు గానీ, ఆ ఊళ్ళో ఆ మాట ఎవరిని ఉద్దేశించినట్టవుతుందో అతనికి పట్టలేదు.

అలా ఏడుస్తూండగానే బుర్రలో ఒక మెరుపు మెరిసింది. ముక్కు తుడుచుకుని లేచాడు.

"మహారాజా! నా వాదం కాలేదు. తమరు ఒకసారి తమకు తామే చక్కిలిగిలి పెట్టుకోండి."

"ఏమిటీ?"

"అంతా ఒకటే కదండీ. నా చెయ్యీ తమ చెయ్యీ ఒకటే. నా చెయ్యి తగిలితే యువరాజు గిలగిల్లాడాడు. తమ చెయ్యి తమకు తగిలితే?"

సమదర్శి మహారాజు అమాయకుడే గానీ అబద్ధాలకోరు కాదు. నిజం తేల్చుకుందామని చంకలో వేళ్ళు పెట్టుకుని కదిపాడు. ఏమీ కాలేదు. రెండోవైపు ప్రయత్నించాడు. ఏమీ కాలేదు. మంత్రి పెట్టుకున్నాడు, సేనాపతి కవచం విప్పి మరీ పెట్టుకున్నాడు, తెరల వెనక జనమంతా ఎవరి చంకలు వాళ్ళు గోక్కుంటూ బిక్కమొహాలు వేశారు.

"చక్కిలిగిలికి ఇంకో చెయ్యి కావాలి మహారాజా," అన్నాడు మాచడు.

ఎవరో కొంటె ఇల్లాలు తన మొగుడి డొక్కలో ఒక పోటు పొడిచింది. అతను ఎగిరి గంతేశాడు. ఇక చూడాలి ఆ సభ! ఎన్నాళ్ళుగానో నవ్వు మరిచిపోయిన జనం ఒకరిమీద ఒకరు పడి కితకితలు పెట్టుకుంటూ పొర్లారు.

"ఇదంతా దేహభ్రమ!" అన్నాడు స్వామి పెదవి కొసన.

"కావచ్చు స్వామీ," అన్నాడు మహారాజు వినయంగా. "తమరికి ఏ భ్రమా లేదు కదా. ఒక్కసారి క్షమించండి." అంటూ వేలు చాచి ఆ బొజ్జ పక్కన మెత్తగా పొడిచాడు.

స్వామి బిగబట్టాడు. బుగ్గలు పొంగాయి, కళ్ళు తేలాయి. ఆఖరికి ఆపుకోలేక "హిహ్హిహ్హీ" అని నోరు తెరిచాడు. తెరిచీ తెరవగానే గొంతులోంచి తాంబూలంతోపాటు గుప్పుమని నల్లటి పొగ ఎగజిమ్మింది. నవ్విన కొద్దీ పొగ, పొగ వచ్చిన కొద్దీ ఆ తెల్లని మేని పూత కరిగి, కింద నుంచి బొగ్గులాంటి మొహం బయటపడింది.

"ధూమకంఠుడు!" అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే.

మాంత్రికుడు నవ్వు ఆపుకోలేకపోతూనే పొగై పైకి లేచాడు. "పట్టండి! కొట్టండి!" అని సేనాపతి అరిచాడు. భటులు అలవాటు కొద్దీ ముందు ఈటెలకు దణ్ణం పెట్టి, ఆపైన పొగకు దణ్ణం పెట్టి విసిరేసరికి ధూమకంఠుడు ప్రాకారం దాటి పడమటి కొండలకేసి ఉడాయించాడు. వీళ్ళతో దొంగను పట్టించాలంటే దొంగ కాస్త ఓపిక పట్టాలి.

సమదర్శి మహారాజు మెట్ల మీద కూలబడ్డాడు. "అంతా దేవుడే అన్న మా పెద్దల మాట అబద్ధమేనా నాయనా? ఆ అబద్ధం కోసం ఎందరిని మడుగు పాలు చేశాను!" అని తల కొట్టుకున్నాడు.

మాచడు గడ్డం ఊడదీసుకున్నాడు. జయకేతు ముందుకు వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"అబద్ధం కాదు మహారాజా. ఆ తీర్థం తాగాక నిజంగానే అందరూ నేనే అయ్యారు. అప్పుడు నాకు మొట్టమొదట తెలిసింది ఏమిటనుకున్నారు? ఆకలి. ఈ ఊరందరి ఆకలీ నా ఒక్క కడుపులో రగిలింది. అంతా ఒకటేనని నిజంగా నమ్మినవాడికి, పక్కవాడు పస్తుండగా ముద్ద మింగుడుపడదు. వాడు పూటపూటా మింగాడు. ఈ ఊళ్ళో మీ పెద్దల మాట నమ్మనివాడు వాడొక్కడే."

మహారాజు స్వామిని పొడిచిన తన వేలినే చూసుకుంటూ, "దేవుడికి నవ్వాలనిపించి ఉంటుంది. ఒక్కడే అయితే నవ్వు రాదు కదా. ఇంకో చెయ్యి కావాలనే ఇన్ని రూపాలయ్యాడు కాబోలు," అన్నాడు. అని, కళ్ళు తుడుచుకుని లేచి నిలబడి, గాదెలన్నీ తెరవమని కేక పెట్టాడు.

చల్లారిన పొయ్యిలన్నీ రాజుకున్నాయి. ఉడికే అన్నం వాసనకు వీధుల్లో మనుషులు నిలబడి ఏడ్చారు. మండపం నిండా ఆకులు పరిచారు. ముద్దపప్పు, గోంగూర, దోసావకాయ, పైన వెన్న కాచిన నెయ్యి. నాంచారి అవ్వ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మాచడు తల ఎత్తకుండా తింటున్నాడు. పోయిందనుకున్న అన్న దక్కాడు, పొట్టలోకి అన్నం దిగుతోంది, ఇంతకంటే ఏం కావాలి? నాలుగు ముద్దలయ్యాక పక్కకు చూస్తే, జయకేతు ఆకు వడ్డించింది వడ్డించినట్టే ఉంది. అతను మడుగు కేసే చూస్తున్నాడు.

"తినవేం అన్నా?"

"మాచా, ఇందాక నాకు ఊరి ఆకలి ఒక్కటే తెలియలేదు. ఆ మడుగులో మొసళ్ళ ఆకలి కూడా తెలిసింది. కానీ ఒక్కదానికి మాత్రం ఆకలి లేదు. భయం. నేను మెట్లు దిగుతుంటే ఎదురొచ్చి నోరు తెరిచింది చూడు, అదే. కరవడానికి కాదురా తెరిచింది. రావద్దని అరవబోయింది. గొంతు రాలేదు."

మాచడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "హేమలేఖమ్మా? ఆ మాంత్రికుడు ఆమెను మొసలిని చేశాడా?"

జయకేతు అప్పటికే లేచి నడుముకు కత్తి బిగిస్తున్నాడు. మాచడు కంగారుగా అడ్డం పడ్డాడు.

"ఇప్పుడే గదయ్యా చావు తప్పించుకున్నావు! ఇందాకా దిగబోయావు, ఇప్పుడూ దిగుతానంటావు. ఏమిటి తేడా?"

"ఇందాక అక్కడున్నది నేనే అనుకుని దిగబోయాను. ఇప్పుడు అక్కడున్నది నేను కాదని తెలిసి దిగుతున్నాను."

అంటూనే ఒక్క గంతున నీళ్ళలోకి దూకాడు. బోదెలన్నీ ఒక్కసారి కదిలి అతని వైపు తిరిగాయి. "అయ్యో, అయ్యో!" అని జనం గుండెలు బాదుకున్నారు. సమదర్శి మహారాజు మాత్రం ఎంగిలిచేత్తోనే లేచి, "చూస్తారేం? మొసళ్ళకూ వడ్డించండి! వాటి ఆకలి మాత్రం ఆకలి కాదా!" అని గర్జించాడు. మాంత్రికుడి వంటశాలలో దండేలకు వేలాడుతున్న మేక తొడలు, పొట్టేళ్ళ తలలు మోసుకొచ్చి భటులు మడుగులో కుమ్మరించారు. ఈసారి దేనికీ దణ్ణం పెట్టలేదు.

నీళ్ళు అల్లకల్లోలమయ్యాయి. మొసళ్ళన్నీ జయకేతును వదిలి మాంసం మీదికి ఎగబడ్డాయి. మాచడు ఒక భటుడి కత్తి లాక్కుని నోట కరుచుకుని, దూకబోతూ, మడుగంతా ఒకసారి కలయజూశాడు. అల్లంత దూరాన ఒక మొసలి మాంసం వైపు రాలేదు, మనిషి వైపూ రాలేదు. జయకేతు ఎంత దగ్గరైతే అది అంత దూరం పారిపోతోంది. తన కోరలు అతనికి తగులుతాయేమోనని పారిపోతోంది.

జయకేతు ఆ ఒక్కదాని వెంటే ఈదుతున్నాడు.